కాలేజీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం ఎలా నడపాలి

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. సెప్టెంబరు దగ్గరపడేసరికి ఎవరో ఒక బ్యాచ్ పిల్లలు వచ్చి "మేడమ్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే చేద్దామా?" అని అడుగుతారు. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏటా జరిపే రోజు అది. తప్పకుండా చేద్దాం అంటాను. ఆ వెంటనే నేనడిగేది ఒకటే: ఎవరిని ఏం అడగబోతున్నారు? బ్యానర్లు, టీషర్టులు ఆ తర్వాత. ఈ సంగతి తేల్చుకోకుండా మొదలుపెడితే చివరికి ఫొటోలే మిగులుతాయి.

1999 ఫిబ్రవరి 15న అమెరికాలో విండోస్‌కు బదులు లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు విండోస్ రిఫండ్ డే జరిపారు. కొత్త కంప్యూటర్‌ కొంటే అందులో విండోస్ ముందే ఉండేది, అక్కర్లేని వాళ్లూ దాని ధర కట్టాల్సి వచ్చేది. షరతులకు ఒప్పుకోనివాళ్లు దాన్ని తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉంది. ఆ వాక్యాన్నే పట్టుకుని కాలిఫోర్నియాలోని ఫాస్టర్ సిటీలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు వెళ్లారు. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీలను అడగమన్నారు, డబ్బు రాలేదు. అయినా వాళ్ల కోరిక కంప్యూటర్ ముట్టుకోని మనిషికి కూడా అర్థమైంది, పత్రికలు రాశాయి. మీరు అడిగేదీ అంత తేటగా ఉండాలి.

తేటగా ఉంటే చాలదు, సరైన చోట అడగాలి. సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు, అంటే ప్రోగ్రాముల్లోని ఆలోచనలపై గుత్తహక్కులకు, దారి తెరిచే చట్టం ముసాయిదాను ఆపాలని యూరప్‌లో ప్రోగ్రామర్లు, చిన్న కంపెనీలవాళ్లు ఏళ్ల తరబడి పార్లమెంటు సభ్యులనే కలుస్తూ వచ్చారు. ఆ ముసాయిదా 2005 జులై 6న 648-14 ఓట్ల తేడాతో వీగిపోయింది. మన దేశంలోనూ 2004 డిసెంబరు ఆర్డినెన్సు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు కొంత దారి తెరిచింది. వ్యతిరేకత వచ్చింది, 2005లో పార్లమెంటు చేసిన చట్టంలో ఆ మార్పు లేదు. అవును, కాదు అని చెప్పగల చోటు ఒకటి ఉంటుంది, మాట అక్కడికి చేరాలి.

మీకు ఆ చోటు ప్రిన్సిపాల్ గది. "కాలేజీ మొత్తం లినక్స్‌కి మారాలి" అని రాయకండి. "ల్యాబ్‌లో పది సిస్టమ్‌లలో లిబ్రే ఆఫీస్ వేయడానికి, ప్రాజెక్టు రిపోర్టులు ఓడీఎఫ్ ఫార్మాట్‌లో కూడా తీసుకోవడానికి అనుమతి ఇవ్వండి" అని ఒక పేజీలో రాయండి. లిబ్రే ఆఫీస్ అంటే ఎంఎస్ ఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓడీఎఫ్ అది వాడే ఫైల్ ఫార్మాట్. ఓడీఎఫ్ 2006 నుంచి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం, ఆ మాట ఉత్తరంలో తప్పక ఉండాలి. ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం ముందే తీసుకోండి. ఆయనకు తెలియకుండా పైకి వెళితే పని ఆయన దగ్గరే ఆగిపోతుంది.

మొదటి ఫ్రీడమ్ డే 2004 ఆగస్టు 28న జరిగింది, తర్వాత సెప్టెంబరు మూడో శనివారానికి మారింది. మీరు ఆ శనివారానికే కట్టుబడక్కర్లేదు. మిడ్ పరీక్షలు, వినాయక నిమజ్జనం చూసుకుని తేదీ పెట్టుకోండి.

ఆ రోజు ఉపన్యాసం ఇరవై నిమిషాలు దాటకూడదు. నేనైతే ప్రింటరు కథతో మొదలుపెడతాను. అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌లో జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరు తరచూ మొరాయించేది. దాన్ని నడిపే ప్రోగ్రాము సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) చేతిలో లేక అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని సరిచేయలేకపోయాడు. ఆయనే 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. నడపడం, లోపల చూడడం, మార్చడం, పంచడం అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నాలుగు హక్కులూ ఈ కథతో పిల్లలకు సులువుగా ఎక్కుతాయి. క్రాక్ వెర్షన్ వాడుతున్నవాళ్లను మాత్రం మందలించకండి. షాపులో అదే వేసిచ్చారు, వాళ్లకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

అసలు కష్టం పిల్లల ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసిచ్చే ఇన్‌స్టాల్ టేబుల్ దగ్గర. ముందు ల్యాప్‌టాప్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. విండోస్ కూడా ఉంచుకోవాలంటే దాని సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే ముందుకెళ్లండి. బ్యాకప్ లేని ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు, ఓనరు ఎంత బతిమాలినా సరే. ఎవరి ఫొటోలు పోయినా ఆ మాట క్యాంపస్ అంతా పాకుతుంది, ఏడాది కష్టం పోతుంది.

పక్కన ఒక టేబుల్ తెలుగుకే కేటాయించండి. లినక్స్‌లో భాషల టైపింగ్ కోసం ఉండే ఐబస్‌లో ఎం17ఎన్ అనే భాగం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన పద్ధతుల్లో టైప్ చేయించండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చిందని చెప్పండి. మెనూలో ఒక మాట నచ్చలేదని ఎవరైనా అంటే, అక్కడే కూర్చోబెట్టి దాన్ని మార్చి పంపే పద్ధతి నేర్పండి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. వాడుకోవడమే తప్ప మార్చడం మనవల్ల కాదనుకునే పిల్లలు ఆ టేబుల్ దగ్గర మారతారు.

ఆ తర్వాత నెల రోజులు ఎవరో ఒకరు ఫోన్‌కి దొరకాలి. ఎక్కువగా వచ్చేది ప్రింటరు, ప్రొజెక్టర్ గొడవే. కేరళ స్కూళ్లు గ్నూ/లినక్స్‌కి మారినప్పుడు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వాళ్లతోనే మిగతా టీచర్లకు నేర్పించారు. మీరూ ఆఫీసు గుమాస్తాను, ల్యాబ్ అసిస్టెంటును కూర్చోబెట్టి నేర్పండి. మీరు మూడేళ్లలో వెళ్లిపోతారు, వాళ్లు ఉంటారు.

ఎన్ని సిస్టమ్‌లలో వేశారు, ఏ ఇబ్బంది వచ్చింది, ఎలా తీరింది, అన్నీ ఒక రిజిస్టరులో రాయండి. మార్చిలోపు ల్యాబ్ కొనుగోళ్ల ఇండెంట్లు వెళ్లిపోతాయి కాబట్టి, రెండో ఉత్తరం ఆ రిజిస్టరుతో కలిపి జనవరిలోనే ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండాలి.