ఇంటివద్దే బైక్ ఇండికేటర్ల స్థానం మార్చుకోవడం

ఇండికేటర్లను హెడ్‌లైట్ పక్కనుంచి, ముందు చక్రాన్ని ఇరువైపులా పట్టి ఉంచే ఫోర్కులపైకి మార్చదలచినవారు ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరును విప్పి, ఏ వైరు ఏ వైపుదో చీటీలు అంటించి గుర్తు పెట్టుకోవాలి. ఫోర్కు వ్యాసాన్ని కొలుచుకుని వెళితే హైదరాబాద్ పుత్లీబౌలి దుకాణాల్లో తగిన క్లాంపులు దొరుకుతాయి.

అసలు పని వైరింగ్‌దే. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా వైరు బిగుసుకోనంత వదులు ఉంచాలి. అతుకును మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే వానాకాలంలో నీరు చేరి రాగి పచ్చబడుతుంది కనుక, ముందుగానే వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టాన్ని వైరుకు తొడిగి, సోల్డరింగ్ చేసి, ఆపై గొట్టాన్ని అతుకు మీదికి జరిపి వేడిచేయాలి. వెనుక వైరు మడ్‌గార్డు లోపలినుంచి వెళితే, సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు కూడా టైరు దాన్ని తాకకూడదు.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెడితే, అవి తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి పాత ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పరికరం) మరీ వేగంగా కొట్టుకోవచ్చు. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగేలా వాటికి తగిన ఫ్లాషర్ అమర్చాలి. అందం కోసం మరీ చిన్న లైట్లు ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. మెహిదీపట్నం రద్దీలో వెనుక వచ్చే బస్సు డ్రైవరుకు అవి కనిపించాలి. బిగించాక మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒకరిని వెనుక దూరంగా నిలబెట్టి పరీక్షించండి.