గేమ్‌లో ఎఫ్‌పీఎస్ పడిపోయిందా, పార్ట్ కొనే ముందు ఇవి చూడండి

"అన్నా ఇరవై వేలు ఉండాయి, గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలా ప్రాసెసర్ మార్చాలా" అని అడిగేవాళ్ళు నెల్లూరు, కావలి, ఒంగోలు అన్ని వైపుల నుంచీ వస్తానే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే, గేమ్ ఆడేటప్పుడు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్‌లోని చిప్) యూసేజ్ ఎంత చూపిస్తా ఉంది అని. అక్కడ ఆగిపోతారు. ఏ కార్డ్‌కి ఎంత ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) వస్తాదో నోటికి చెప్తారు గానీ సొంత సిస్టమ్‌లో ఆ ఒక్క నంబర్ చూసుండరు. దయచేసి ముందు అది చూడండి, రెండు నిమిషాల పని. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోని ఆ నంబర్‌ని స్క్రీన్ మూలన పెట్టుకోండి, లేదంటే టాస్క్ మేనేజర్ అయినా చాలు.

ఎఫ్‌పీఎస్ మొదటి నుంచీ తక్కువే

జీపీయూ 95 శాతం పైన కదలకుండా ఉంటే కార్డే చాలట్లేదు, అప్పుడు కార్డ్‌కి డబ్బు పెట్టడంలో న్యాయం ఉంది. 50, 60 దగ్గర ఊగుతా గేమ్ కూడా తడబడతా ఉంటే కార్డ్ ఖాళీగా కూర్చోని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తా ఉంది, దాన్ని మార్చినా ఒరిగేదేం లేదు. వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ స్పీడ్ దగ్గరే ఆపే సెట్టింగ్) గానీ ఎఫ్‌పీఎస్ లిమిట్ గానీ ఆన్‌లో ఉన్నా యూసేజ్ తక్కువే చూపిస్తాది, అవి తీసేసి చూడండి. ప్రాసెసర్ మొత్తం 40 శాతమే ఉంది కదా అని నమ్మొద్దు, చాలా గేములు కొన్ని కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) మీదే బరువు వేస్తాయి, ఒక్కో కోర్ విడిగా చూస్తే ఒకటి రెండు నూటికి తగిలి ఉంటాయి.

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కి కాకుండా గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టారా అనేది చూసే ఉంటారనుకుంటా. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసినోళ్ళు ఇంకా కనపడతానే ఉండారు, అదీ చూడండి.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు తడబడతా ఉంది

జనం అనవసరంగా డబ్బు తగలేసేది ఇక్కడే. గేమ్ మారలా, సెట్టింగులు మారలా, ఎఫ్‌పీఎస్ మాత్రం తగ్గింది, మధ్యమధ్యలో గట్టిగా అతుక్కుంటా ఉంది. విండోస్ మళ్ళీ వేస్తారు, డ్రైవర్లు మారుస్తారు, అయినా తేడా లేదు. ఇంక సిస్టమ్ పాతదైపోయింది అనుకోని చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి బస్సెక్కుతారు.

ఆగండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి, స్పీడ్ అని ఉండే చోట ఏ నంబర్ ఉందో చూడండి. మీరు కొన్నది డీడీఆర్4 3200 ర్యామ్ అయ్యుండి అక్కడ 2133 గానీ 2400 గానీ 2666 గానీ ఉందంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, పోయిందని అర్థం. (హెచ్410 బోర్డ్ మీద ఐ3-10100 లాంటి ప్రాసెసర్ ఉంటే ర్యామ్ 2666 కంటే పైకి పోదు, అది జబ్బు కాదు.)

సిస్టమ్ కట్టినప్పుడు ఆన్ చేసిన ఎక్స్‌ఎంపీ తనంతట తను ఎట్టా పోతాది అంటే, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటాది, సీఆర్2032. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు సిస్టమ్ ఆపేసి ఉన్నా ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి బోర్డ్‌కి కొంచెం కరెంట్ అందతానే ఉంటాది, సెల్‌కి పెద్ద పని ఉండదు. మన వైపు పిడుగులకీ తుఫాన్లకీ భయపడి రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ తీసేస్తారు, అది మంచిదే, కరెంట్ పోవడం ఎట్టాగూ ఉంది. అప్పుడు బయోస్ సెట్టింగులు నిలబెట్టాల్సింది ఆ సెల్ ఒక్కటే. నాలుగైదేళ్ళ సెల్ అయితే ఒక రాత్రి చేతులెత్తేస్తాది, పొద్దున బోర్డ్ ఫ్యాక్టరీ సెట్టింగులతో లేస్తాది. సెల్ బాగున్నా, మాటిమాటికీ కరెంట్ పోయి వచ్చే చోట స్టార్ట్ అవడం తప్పితే కొన్ని బోర్డులు భయపడి డిఫాల్ట్‌కి దిగిపోతాయి. కొన్ని కొత్త బోర్డుల్లో సెట్టింగులు నిలిచి టైమ్ మాత్రమే పోతాది, వాటికి ఈ బాధ తక్కువ.

ఇది దొరకకుండా తిప్పలు పెట్టేది ఎందుకంటే, పాతరోజుల్లో సెల్ పోతే తేదీ ఎక్కడికో వెనక్కి పోయి వెంటనే తెలిసిపోయేది. ఇప్పుడు విండోస్ నెట్ తగలగానే టైమ్ సరిచేసుకుంటాది, గడియారం చూసి కనిపెట్టలేరు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్1 నొక్కమని నల్ల స్క్రీన్ మీద మెసేజ్ వస్తాది, చదవకుండా నొక్కేసి పోతారు. ఆ మెసేజే అసలు ఆధారం, ఈసారి వస్తే ఫోటో తీసి పెట్టుకోండి.

పోయేది ఎక్స్‌ఎంపీ ఒక్కటే కాదు. రైజెన్ 5600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉండే ప్రాసెసర్‌తో కార్డ్ లేకుండా ఆడేవాళ్ళకి గ్రాఫిక్స్‌కి కేటాయించిన మెమరీ మళ్ళీ ఆటోకి పోతాది, పైగా వాళ్ళ గ్రాఫిక్స్ నడిచేదే ర్యామ్ స్పీడ్ మీద కాబట్టి దెబ్బ రెండింతలు. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డ్ మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సెట్టింగ్) ఆఫ్ అయిపోతే ఘోరంగా పడిపోతాయి. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్ళకి వ్యాన్ 9003 ఎర్రర్ వస్తాది, అది సెక్యూర్ బూట్ అనే బయోస్ భద్రతా సెట్టింగ్ పోయినందుకు. ఎఫ్‌పీఎస్ తగ్గడం, ఈ ఎర్రర్ రావడం ఒకే రోజు జరిగితే ఇంక ఆలోచించే పని లేదు, బయోస్ రీసెట్ అయింది.

పరిష్కారం: నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఏ వాచీల షాపులో అయినా సీఆర్2032 దొరుకుతాది, యాభై రూపాయలకి అటూ ఇటూ, చేతిలో పెట్టే ఏదో ఒకటి తీసుకోకుండా సీల్ ఉన్న కంపెనీది అడగండి. ప్లగ్ పీకేసి మార్చండి. మల్టీమీటర్ ఉంటే పాతదాన్ని కొలవండి, 2.8 వోల్ట్ కంటే కింద ఉంటే అనుమానం అక్కర్లేదు. తర్వాత బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, కొన్ని ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటాది, డీడీఆర్5 అయితే ఎక్స్‌పో. రీసైజబుల్ బార్, సెక్యూర్ బూట్, ఫ్యాన్ సెట్టింగులు కూడా పెట్టుకోని ఆ పేజీలన్నీ ఫోన్‌లో ఫోటో తీయండి. ఆ రాత్రి గోడ స్విచ్ తీసేసి పొద్దున మెమరీ స్పీడ్ మళ్ళీ చూడండి, అప్పుడే పని అయినట్టు.

ఇదే చూపులో ఇంకోటి, ర్యామ్ ఒకే స్టిక్ ఉందా రెండా. రెండున్నా, నాలుగు స్లాట్ల బోర్డ్‌లో పక్కపక్క స్లాట్లలో పెట్టి ఉంటే చాలావరకు సింగిల్ ఛానెలే, అంటే ర్యామ్‌కి సగం దారే. అట్టాంటి బోర్డ్‌లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి, సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ పేజీలో డ్యూయల్ అని గానీ, కొత్త వెర్షన్ అయితే 2 x 64-bit అని గానీ రావాలి. అక్కడ 3200 ర్యామ్‌కి 1600 అని ఉంటాది, సగమే చూపిస్తాది, కంగారు పడొద్దు. 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు మండిపోతా ఉండాయి కాబట్టి రెండో స్టిక్ కొనే ముందు ఉన్నది సరిగ్గా నడుస్తా ఉందో లేదో తేల్చుకోవడం ఇంకా అవసరం.

కొత్త కార్డ్ వేశాక గేమ్ పెట్టగానే ఆగిపోతా ఉంది

ముందు యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడకి పెట్టి చూడండి. 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే, మానిటర్ కూడా దాని మీదే ఉంటే పాత కార్డ్‌కి సరిపోయింది కొత్తదానికి సరిపోదు. గోడకి పెట్టినా ఆగితే ఎస్‌ఎంపీఎస్ చూడండి. కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద మాత్రం గేమింగ్ కార్డ్ పెట్టొద్దు, అది పోయేటప్పుడు కార్డ్‌ని కూడా తీసుకోనిపోతాది.

రోహిణి కార్తెలోనే తగ్గి వానలు పడగానే బాగుంటే వేడి, దుమ్ము దులిపి ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ మార్చండి. వైరస్, పాడైన స్లాట్, విరిగిన పిన్ను ఇవన్నీ బాగా అరుదు, చివర్లో చూడొచ్చు.

అన్నీ చూశాక కూడా జీపీయూ 99 దగ్గరే ఉంటే

అప్పుడు కొనండి. బోర్డ్‌లో కార్డ్ పెట్టే స్లాట్ పాత పీసీఐఈ 3.0 తరం అయితే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి పోవద్దు, దానికి నాలుగు లేన్లే (డేటా పోయే దారులు), పైగా 4 జీబీ, పాత బోర్డ్ మీద బాగా నష్టపోతాది. ఆర్ఎక్స్ 6600 అయితే 8 జీబీ, 132 వాట్లతో సరిపెట్టుకుంటాది, ఒక్క 8 పిన్ కనెక్టర్ చాలు. ప్రాసెసరే అడ్డం అని తేలి బీ450 బోర్డ్ ఉంటే బోర్డ్ మార్చొద్దు, రైజెన్ 5 5600 దాంట్లోనే కూర్చుంటాది, పాత ప్రాసెసర్ ఉన్నప్పుడే బయోస్ అప్‌డేట్ చేసుకోండి. అప్‌డేట్ చేస్తే ఎక్స్‌ఎంపీ మళ్ళీ పోతాది, పెట్టుకోవడం మర్చిపోవద్దు.