డే గెకోని చేత్తో పట్టకుండా పెంచడం ఎలా?

ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద ఎర్రటి మచ్చలు. మీద బల్లి పడితే తలస్నానం చేసే మా అమ్మ కూడా దీన్ని వీడియో కాల్‌లో చూసి "ఎంత ముద్దుగా ఉందిరా" అంది. మన గోడ బల్లులు రాత్రి తిరుగుతాయి, మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ బల్లి పగలు తిరుగుతుంది. అందుకే డే గెకో అంటారు. డాలస్‌లో పదేళ్లుగా వీటిని పెంచుతున్నాను. తెచ్చిన మొదటి వారంలోనే గాయం చేసేసి నాకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా రకం. కొత్తవాళ్లు జెయింట్ డే గెకోనే తీసుకోవాలి. పది అంగుళాల దాకా పెరుగుతుంది, కాస్త గట్టిది. అడవిలో పట్టింది కాకుండా పెంపకంలో పుట్టిందే కొనండి. ఇండియాలో ఉంటే ఇంకో మాట: ఈ జాతి మొత్తం సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి జీవుల్ని నమోదు చేయించాలి. అండమాన్‌లో ఉండే డే గెకోల జోలికి అసలు వెళ్లొద్దు.

తర్వాత ఇల్లు. 18 అంగుళాల వెడల్పు, 18 లోతు, 24 ఎత్తు ఉన్న గాజు పెట్టె. లోపల నిలువుగా వెదురు బొంగులు, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్. ప్లాస్టిక్ కొమ్మలు వద్దు, వెదురే. పైన యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) రోజుకు 12 గంటలు. పగలు 28 నుంచి 30 డిగ్రీలు, లైటు కింద ఒక్కచోట 32, రాత్రి 23 దగ్గర. పొద్దున, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లాలి. ఇది గిన్నెలో నీళ్లు సరిగా తాగదు, ఆకు మీది చుక్కల్ని నాకుతుంది. ఒక్కో పెట్టెలో ఒక్కటే ఉండాలి. రెండు మగవి కలిస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయి.

తిండికి కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు, గెకోల కోసం అమ్మే పండ్ల పొడి కలిపిన గుజ్జు. కీచురాయి దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. రోజూ అరటిపండు పెడుతుంటారు కొందరు. ఇష్టంగా తింటుంది, నిజమే. కానీ అందులో కాల్షియం చాలా తక్కువ, ఎముకలు మెత్తబడి నడుం వంకర పోతుంది.

ఇప్పుడు అసలు కష్టం: తెచ్చిన డబ్బాలోంచి పెట్టెలోకి, శుభ్రం చేసేటప్పుడు పెట్టెలోంచి బయటికి మార్చడం. చేత్తో పట్టుకోకూడదు. పెనుగులాడితే దీని చర్మం చిరిగిపోతుంది. మొదటి ఏడాది నేనూ పట్టుకున్నాను. వదిలేసరికి నా బొటనవేలికి ఉల్లిపొరంత పల్చటి ఆకుపచ్చ చర్మం అంటుకుని ఉంది. దాని వీపు మీద గులాబీ రంగు మచ్చ పడింది. అది మానేదాకా నాకు నిద్ర పట్టలేదు. తోక పట్టుకుంటే అది ఊడిపోతుంది. మళ్లీ మొలుస్తుంది గానీ మునుపటిలా ఉండదు. వల కూడా వద్దు, దాని వేళ్లు చిక్కుకుంటాయి.

వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు, ఒక మందపాటి కార్డు చాలు. పొద్దున్నే లైటు వెయ్యకముందు, ఒళ్లు చల్లగా ఉండి నెమ్మదిగా కదిలేటప్పుడు చెయ్యండి. గాజు మీద ఉన్నప్పుడు కప్పును తల వైపు నుంచి మెల్లగా తెచ్చి మూయాలి. కప్పు అంచు గాజుకు ఆనేముందు తోక మొత్తం లోపల ఉందా అని రెండుసార్లు చూడండి. తొందరపడితే తోక తెగేది ఇక్కడే. తర్వాత కార్డును కప్పుకీ గాజుకీ మధ్యలోకి జరపాలి, దాని వేలి దగ్గరికి రాగానే ఆపాలి. ఆ వేలు అదే ఎత్తుకుంటుంది, ఎత్తాక ఇంకాస్త జరపండి. ఇలా రెండు నిమిషాలు పట్టినా పర్లేదు.

పెట్టెలో కప్పును వెదురు పక్కన పడుకోబెట్టి కార్డు తీసేసి తలుపు మూసేయండి. అదే బయటికొస్తుంది. ఒళ్లు ముదురు రంగుకి తిరిగితే టెన్షన్‌లో ఉందని అర్థం. ఆ రోజు ఇంకేమీ చెయ్యొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి, కీచురాళ్లు మర్నాడు వెయ్యండి.