ఒకే హెడ్‌ఫోన్‌లో ఇంటర్‌కామ్, మిక్సర్ మానిటరింగ్

ప్రదర్శన నడుస్తుండగా మిక్సర్ సోలోకు (ఎంచుకున్న ఛానెల్‌ను విడిగా వినడానికి) ఒక హెడ్‌ఫోన్, ఇంటర్‌కామ్‌కు (సిబ్బంది తమలో తాము మాట్లాడుకునే వ్యవస్థకు) మరొక హెడ్‌సెట్ మార్చి మార్చి పెట్టుకోవలసి రావడంతో నేను పలుమార్లు స్టేజీ సూచనలను వినలేకపోయాను. రెండింటినీ కలపాలనుకున్నాను గానీ, అనలాగ్ పార్టీలైన్ (అందరూ ఒకే లైన్‌పై మాట్లాడుకునే) ఇంటర్‌కామ్ కేబుల్‌లో మాటలతోపాటు బెల్ట్‌ప్యాక్‌లను (నడుముకు తగిలించుకునే ఇంటర్‌కామ్ పెట్టెలను) నడిపే డీసీ విద్యుత్తు, చాలా వ్యవస్థల్లో సుమారు 30 వోల్టులు, కూడా ప్రవహిస్తుంది కనుక దానిని నేరుగా మిక్సర్‌కు తగిలించే సాహసం చేయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇంటర్‌ఫేస్ ద్వారా లైన్ స్థాయి సిగ్నల్‌ను ఒక ఖాళీ ఛానెల్‌కు తెచ్చి, ఆ ఛానెల్‌ను ప్రేక్షకుల స్పీకర్లకు వెళ్లే మెయిన్ బస్ నుంచి పూర్తిగా తొలగించి (ఈ ఒక్క మీట మరచిపోతే రహస్యాలన్నీ ప్రేక్షకులకే వినిపిస్తాయి), నా హెడ్‌ఫోన్‌కు వచ్చే మానిటర్ బస్‌కు మాత్రమే పంపాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వల్లనే గ్రౌండ్ లూప్ హమ్ (పరికరాల గ్రౌండ్‌లు కలిసినప్పుడు వచ్చే గుంయ్‌మనే శబ్దం) కూడా రాలేదు.

సంగీతం మాటలను మింగేయడంతో, ఇంటర్‌కామ్ ఛానెల్‌ను సైడ్‌చైన్‌గా (కంప్రెసర్‌ను నడిపే సంకేతంగా) ఇచ్చి, మాటలు వచ్చినప్పుడు సంగీతం దానంతటదే తగ్గేలా సంగీతంపై కంప్రెసర్ పెట్టాను. ఎవరో మైకు ఆపకుండా వదిలేసినప్పుడు సంగీతం అదే పనిగా తగ్గిపోతుండగా, త్రెషోల్డ్ (కంప్రెసర్ పనిచేయడం మొదలుపెట్టే స్థాయి) పెంచి సరిచేశాను.