విశ్వేశ్వరయ్య మ్యూజియంకు జంటగా వెళ్లేవారికి ఒక సూచన

బెంగళూరులో ఉంటున్న మన తెలుగు దంపతులు సెలవురోజున కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంకు వెళ్లేటప్పుడు, ఒక్క పూటలో అన్నీ చూసేయాలన్న పట్టుదల విడిచిపెట్టాలని నా మనవి. లేకపోతే ఒకరు ముందుకు నడుస్తూ, మరొకరు వెనక నిలిచిపోతూ ఇద్దరూ అలసిపోతారు. దానికి బదులు ఇంజన్ల హాలు, ఎలక్ట్రానిక్స్, అంతరిక్షం వంటి విభాగాల్లో చెరొకటి ఎంచుకొని, ఎంచుకున్నవారే రెండోవారికి దగ్గరుండి చూపించడం మేలు. ఆవిరి యంత్రంలో పిస్టన్ ముందువెనుకల కదలిక చక్రం తిరగడంగా ఎలా మారుతుందో భార్యకో భర్తకో వివరించబోతే, మనకు అర్థం కానిదేమిటో అక్కడికక్కడే తెలుస్తుంది. మీట నొక్కి నడిపే నమూనాల దగ్గర ఒకరు నొక్కబోయే ముందు, ఏమి జరుగుతుందో రెండోవారు ఊహించి చెప్పాలి; ఇది నిజంగా ఎంతో ఆనందాన్నిస్తుంది.

రైట్ సోదరులు 1903లో ఎగరవేసిన విమానానికి అసలు కొలతలతో చేసిన నమూనా కూడా ఇక్కడ ఉంది. విమానం పక్కకు ఒరగకుండా వారు రెక్కల కొనలను మెలితిప్పి అదుపు చేసేవారు కనుక, ఆ రెక్కలను, వాటికి కట్టిన తీగలను తీరికగా పరిశీలించండి. బడిపిల్లల బృందం వస్తే వారికి చోటిచ్చి, వేరే అంతస్తు చూసి తిరిగి రండి. కబ్బన్ పార్కు పక్కనే ఉంది కాబట్టి, మిగిలిన విభాగాలను మరోసారికి ఉంచుకొని సాయంత్రం అక్కడ నడవవచ్చు.