పదే పదే పోయే పంపు బేరింగ్: అసలు కారణం పట్టుకోవడం ఎలా

ఒకే పంపుకి మూడు నెలలకోసారి బేరింగ్ పోతోందా? కొత్తది బిగించే ముందు పాతదాన్ని స్క్రాప్ డబ్బాలోంచి వెనక్కి తెప్పించండి. ఎందుకు పోయిందో చాలావరకు దాని మీదే రాసి ఉంటుంది. మెకానికల్ రిలయబిలిటీ ఇంజనీరు పనిలో సగం ఆ రాత చదవడం. మిగతా సగం, చదివింది నిజమేనని పంపు దగ్గర కొలిచి చూపించడం.

పాత వర్క్ ఆర్డర్లు తిరగేయండి, కానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ‘శబ్దం వచ్చింది, బేరింగ్ మార్చాం’ అన్న ఒక్క ముక్కే కనిపిస్తుంది. పనికొచ్చేవి రెండే: తేదీలు, ఎటువైపు బేరింగ్ అన్నది. మార్చిన వారం పది రోజులకే పోతుంటే తప్పు బిగింపులోనో గ్రీజులోనో వెతకాలి. ఇంచుమించు ఒకే వ్యవధికి పోతుంటే ఎక్కడో అదనపు లోడ్ పడుతోందని అనుమానించాలి. బాల్ బేరింగ్ మీద లోడ్ రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

‘అయితే రెండు నెలలకోసారి ముందే మార్చేద్దాం’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోకండి. విమాన భాగాల మీద 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలన్, హీప్ ఇచ్చిన నివేదికలో 68 శాతం భాగాలు బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా విఫలమయ్యే రకమని తేలింది. బాగున్న పంపుని విప్పిన ప్రతిసారీ ఆ తొలి రోజుల గండం మళ్లీ మొదలవుతుంది.

విప్పేటప్పుడు

బ్రేకర్‌కి తాళం, ట్యాగ్ పడి, వాల్వులు మూసి, డ్రెయిన్ తెరిచి కేసింగ్‌లో ప్రెషర్ లేదని చూశాకే స్పానర్ పట్టాలి. బేరింగ్ బయటికి రాకముందే ఔటర్ రింగు (బయటి రింగు) మీద రెండు గుర్తులు పెట్టించండి: పైభాగం ఎటు, కప్లింగ్ (మోటారుని పంపుకి కలిపే భాగం) ఎటు. ఆ గుర్తులు లేకపోతే తర్వాత ఏ మచ్చ ఏ దిక్కున ఉందో చెప్పలేరు. వెంటనే డీజిల్‌లో ముంచి కడిగేసే అలవాటుని ఆపండి. ముందు గ్రీజునో ఆయిల్‌నో శుభ్రమైన సీసాలోకి తీసి, ఫొటోలు తీశాకే కడగాలి.

తెరవడానికి ఔటర్ రింగుని కుడి, ఎడమ పక్కల కటింగ్ వీల్‌తో ముప్పావు లోతు కోసి, గుడ్డ చుట్టి వైస్‌లో నొక్కితే చిట్లుతుంది. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఆసాంతం కోస్తే ఆ వేడికి ట్రాక్ (బాల్స్ దొర్లే దారి, అంటే రేస్) నీలిరంగు తిరుగుతుంది, గ్రీజు లేక మాడిందని మీరే పొరబడతారు.

ట్రాక్ చదవడం

బాల్స్ దొర్లిన చోట రేస్ మెరుపు తగ్గి సన్నటి మసక పట్టీ ఏర్పడుతుంది. మామూలు పంపులో ఇన్నర్ రింగు మీద ఈ పట్టీ చుట్టూతా, మధ్యలో ఉంటుంది. ఔటర్ రింగు మీద లోడ్ పడే వైపు మాత్రమే, సగం చుట్టు కంటే తక్కువ ఉంటుంది. ఇది గుర్తుంటే తేడాలు ఇట్టే తెలుస్తాయి.

ఔటర్‌కి చుట్టూతా, ఇన్నర్‌కి ఒక్కచోటే ఉంటే అన్‌బ్యాలెన్స్. ఔటర్ మీద ఎదురెదురుగా రెండు చోట్ల ఉంటే హౌసింగ్ గుండ్రం తప్పి రింగుని నొక్కుతోంది. రెండు రింగులకీ చుట్టూతా ఉండి పక్కకి జరిగితే షాఫ్టు పొడవునా తోపు పడుతోంది. ఔటర్ మీద పట్టీ ఏటవాలుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతే, ఆ రింగు షాఫ్టుతో వంకరగా కూర్చుంది. దీన్ని చాలామంది కప్లింగ్ అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులు ఒకే గీతలో ఉండటం) ఖాతాలో వేస్తారు. ఫ్రేమ్ మెలిపడటం వల్లా ఇది వస్తుంది, కాబట్టి ముందు ఫుట్ బోల్టులు చూడాలి.

బాల్స్ మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా గుంటలుంటే భూతద్దం తీయండి. గుంట లోపల గ్రైండింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే బిగించేటప్పుడు సుత్తి దెబ్బ తప్పు రింగు మీద పడింది. గీతలు అరిగిపోయి ఉంటే స్టాండ్‌బైలో కదలకుండా ఉండి, పక్క మెషీన్ల వైబ్రేషన్‌కి అరిగింది. అలాంటి పంపుని వంతులవారీగా నడపాలి. వీఎఫ్‌డీ (వేగాన్ని మార్చే డ్రైవ్) మీద నడిచే మోటారు బేరింగ్‌లో బట్టలుతికే పలకలా అడ్డచారలు ఉంటే షాఫ్టు గుండా కరెంటు పోతోంది. దానికి గ్రౌండింగ్ రింగు, ఇన్సులేటెడ్ బేరింగ్ వేయాలి. గ్రీజు మారిస్తే ఏమీ ఒరగదు.

పంపు దగ్గర కొలతలు

సాఫ్ట్ ఫుట్‌తోనే (మెషీన్ కాలు బేస్ మీద సమంగా ఆనకపోవడం) మొదలుపెట్టాలి, అది సరిచేయకుండా తీసిన అలైన్‌మెంట్ నిలవదు. బోల్టులన్నీ బిగించి, ఫుట్ మీద డయల్ గేజ్ ఆనించి, ఒక్కో బోల్టే వదులు చేసి చూసి మళ్లీ బిగించండి. 0.05 మి.మీ. కంటే ఎక్కువ లేస్తే సరిచేయాలి. ఫీలర్ గేజ్‌తో ఆ ఫుట్ నాలుగు మూలలూ చూడండి: సందు అంతటా సమానమైతే షిమ్ (కింద పెట్టే పల్చటి రేకు) చాలు, ఒక మూల మాత్రమే ఉంటే మెట్టు షిమ్మో మెషీనింగో అవసరం. షిమ్‌లు నాలుగు దాటితే స్ప్రింగులా పనిచేస్తాయి.

తర్వాత పైపు లాగుడు. కప్లింగ్ దగ్గర నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి డయల్ గేజ్ పెట్టి, లైన్ ఖాళీ చేశాక సక్షన్, డిశ్చార్జ్ ఫ్లాంజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వదులు చేయండి. ఇక్కడా హద్దు 0.05 మి.మీ. దాటితే సరిచేయాల్సింది పైపుని, దాని సపోర్టుల్ని. చైన్ బ్లాక్‌తో ఫ్లాంజ్‌ని లాక్కొచ్చి బోల్టులు దూర్చడం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని తప్పని కూడా ఎవరూ అనుకోరు.

అలైన్‌మెంట్‌కి 1500 ఆర్‌పీఎం దగ్గర ఆఫ్‌సెట్ (రెండు షాఫ్టుల మధ్య గీతల తేడా) 0.06 మి.మీ. లోపు, 3000 దగ్గర 0.03 లోపు ఉంటే చాలా మంచిది. వేడి ద్రవం పంపైతే చల్లగా ఉన్నప్పటి సున్నా మిమ్మల్ని ముంచుతుంది. షాఫ్టు ఎత్తు 400 మి.మీ. ఉండి పెడెస్టల్ (పంపుని మోసే కాలు) 50 డిగ్రీలు వేడెక్కితే, ఉక్కు సుమారు 0.24 మి.మీ. పైకి పెరుగుతుంది. ఆ మేరకు మోటారుని ముందే ఎత్తులో పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే పంపు నడిచే తీరు చూడండి. డిశ్చార్జ్, సక్షన్ గేజీల తేడాని బార్‌లలో తీసుకుని 10.2తో గుణిస్తే నీటికి హెడ్ (ఎత్తగల ఎత్తు) మీటర్లలో వస్తుంది. గేజీల ఎత్తు తేడా కలపడం మర్చిపోవద్దు. దాన్ని పంపు కర్వ్ (ఏ హెడ్‌కి ఎంత ఫ్లో అని చూపే గ్రాఫ్) మీద పెట్టి చూడండి. బెస్ట్ ఎఫిషియెన్సీ పాయింట్ (పంపు అత్యంత సమర్థంగా పనిచేసే చోటు) ఫ్లోలో 70 నుంచి 120 శాతం మధ్య ఉండాలి. వాల్వు గొంతు నొక్కి 40 శాతంలో నడిపిస్తుంటే ఇంపెల్లర్ మీద పక్క తోపు పెరిగి షాఫ్టు వంగుతుంది. ఈ సంగతి ఆపరేషన్ వాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిందే, ఏ బేరింగూ దీన్ని తట్టుకోదు.

బిగించడం

6313 బేరింగ్‌కి 65 మి.మీ. షాఫ్టు మీద కె5 ఫిట్ (షాఫ్టు సైజుకి ఇచ్చే హద్దుల తరగతి) అంటే మైక్రోమీటర్‌లో 65.002 నుంచి 65.015 మధ్య రావాలి. రెండు చోట్ల, మూడేసి దిక్కుల్లో కొలవండి. బేరింగ్‌ని ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీలకి వేడి చేస్తే బోర్ దాదాపు 0.06 మి.మీ. పెరుగుతుంది, గరిష్ఠ బిగువు 0.03 మాత్రమే కాబట్టి చేత్తోనే జారిపోతుంది. 120 దాటనివ్వకండి. సుత్తి అవసరమైందంటే ఆగి, మళ్లీ కొలవండి.

ఆయిల్ బేరింగ్‌లో మట్టం అన్నిటికన్నా కింది బాల్ మధ్యకి ఉండాలి. గ్రీజు బేరింగ్‌కి మళ్లీ వేసే మోతాదు గ్రాముల్లో: బయటి వ్యాసం × వెడల్పు × 0.005. 6313కి 140 × 33 × 0.005, అంటే 23 గ్రాములు. గ్రీజు గన్ పదిసార్లు నొక్కి తూకం వేసుకోండి; ఒక్కో నొక్కుకి 1.2 గ్రాములు వస్తే 19 నొక్కులు. పాలీయూరియా గ్రీజు ఉన్నచోట లిథియం గ్రీజు కలిపితే చాలాసార్లు పల్చబడి కారిపోతుంది.

తిప్పాక

మొదటి గంటలో, 24 గంటలకి, వారానికి వైబ్రేషన్ తీసుకోండి. ఐఎస్‌ఓ 20816-3 ప్రకారం గట్టి ఫౌండేషన్ మీది 15–300 కిలోవాట్ల మోటారు 2.8 మి.మీ./సె. దాటితే దీర్ఘకాలం నడపదగ్గది కాదు, 4.5 దాటితే నష్టం జరిగే స్థాయి. అయితే మొత్తం విలువ పెరిగేదాకా కూర్చుంటే ఆలస్యమవుతుంది. 8 బాల్స్ ఉన్న 6313 బేరింగ్ 1480 ఆర్‌పీఎంతో తిరిగితే ఔటర్ రేస్ లోపం సుమారు 76–79 హెర్ట్జ్ దగ్గర, ఇన్నర్ రేస్ లోపం 118–122 దగ్గర కనిపిస్తుంది. ఎన్వెలప్ స్పెక్ట్రమ్‌లో (బేరింగ్ లోపాల చిన్న దెబ్బల్ని వేరుచేసి చూపే వైబ్రేషన్ గ్రాఫ్) ఆ గీతలు తలెత్తాయా అని చూస్తూ ఉండండి.

ఫైల్‌లో పాత ట్రాక్ ఫొటో, ఫుట్ రీడింగులు, పైపు రీడింగులు, షాఫ్టు కొలత, వేసిన గ్రీజు పేరు, గ్రాములు రాయండి. పంపు మూడు నెలలకోసారి పోయేదైతే ఆ ఫైల్‌ని తొమ్మిది నెలలు నడిచాకే మూయండి.