టెస్ట్ డ్రైవ్‌కు ముందు టైర్ల గాలి

బెంగళూరులో పాత కార్లను నడిపి పోల్చేటప్పుడు ఒకటి స్పీడ్‌బ్రేకర్ల మీద ఎగిరిపడుతున్నట్లు, మరొకటి స్టీరింగ్ బరువుగా ఉన్నట్లు అనిపించడానికి కొన్నిసార్లు టైర్ల గాలిలోని తేడాయే కారణం. అందువల్ల బండి 3 గంటలైనా ఆగి ఉన్నప్పుడు, సాధారణంగా డ్రైవర్ తలుపు చట్రం మీద ఉండే, టైర్ల గాలి అంకెలు రాసిన పట్టీ ప్రకారం నాలుగు టైర్లలోనూ పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిచేయించి, ఇద్దరే కూర్చుని, ఏసీ వేసి, ప్రతి కారునూ అదే గతుకుల వీధిలో 20, ఆపై 40 కిలోమీటర్ల వేగంతో నడిపి చూడండి. ముందు, వెనుక టైర్లకు అంకెలు వేరుగా ఉండవచ్చు; బంకులో అన్నింటికీ ఒకే అంకె పెట్టబోతే వద్దని చెప్పడమే మేలు. నడిచి వేడెక్కిన టైరులో పీఎస్ఐ ఎక్కువగా కనిపిస్తుంది కనుక అప్పుడు గాలి తీయించకూడదు. టైరు ఒక అంచున అరిగి, బండి పక్కకు లాగుతుంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) చూపించవలసిందే.